పద్నాలుగు మిల్లీమీటర్లు నిజమేనా?

ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అందరూ ఎన్ఐఎన్ అనే పిలుస్తారు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనతో పుట్టి, 1958లో హైదరాబాద్ చేరిన సంస్థ ఇది. 1987 నుంచి 1990 దాకా ఈ సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక ప్రయోగం నడిపింది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా అది. మిగతా 14 ఊళ్లకు ఆ ఉప్మా అందించే ప్రభుత్వ అంగన్‌వాడీ పథకం ఇంకా రాలేదు.

సుమారు పదిహేనేళ్ల తర్వాత పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లారు. ప్రయోగం నడిచిన రోజుల్లో పుట్టిన పిల్లలకు అప్పటికి 13 నుంచి 18 ఏళ్లు వచ్చాయి. వాళ్లలో 1,165 మందిని పరీక్షించారు. సంజయ్ కిన్రా, కె.వి. రామేశ్వర్ శర్మ తదితరులు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం ప్రకటించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు, అందని ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు.

ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేని తేడా. కొలిచేటప్పుడు మడమ కాస్త లేచినా, జుట్టు ఒత్తుగా ఉన్నా అంత తేడా వచ్చేస్తుంది కదా అనిపిస్తుంది. మరి ఉప్మా వల్లే అని ఎలా నమ్మాలి?

మనస్తత్వశాస్త్రం, సామాజిక సేవ, విద్యాశాస్త్రం చదివే పిల్లలను స్టాట్స్ పేపర్ భయపెడుతుంది. సూత్రాలు కంఠస్థం చేస్తారు, ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో నేర్చుకుంటారు, ‘సార్, సిగ్నిఫికెంట్ వచ్చింది’ అని గైడ్ దగ్గరికి పరుగెత్తుతారు. ఆ పేపర్‌లోని ముఖ్యమైన భావనలన్నీ ఈ 14 మిల్లీమీటర్ల చుట్టూనే చెప్పుకోవచ్చు. చెప్పుకుంటూ పోతే ఒక సంగతి తేలుతుంది. లెక్క ఎంత బాగా చేశామన్నదాని కంటే, ఎవరిని ఎవరితో పోల్చామన్నదే ఫలితానికి ప్రాణం.

సగటు చెప్పని సంగతి

సగటు ఒంటరిగా ఏమీ చెప్పదు. దాని చుట్టూ జనం ఎంత దూరం చెదిరి ఉన్నారో కూడా తెలియాలి. ఆ చెదురును కొలిచేదే ప్రామాణిక విచలనం, క్లాసులో వాడే మాటల్లో స్టాండర్డ్ డీవియేషన్. ఒకే వయసు అబ్బాయిల్నో అమ్మాయిల్నో తీసుకుంటే ఎత్తులో ఈ విచలనం సుమారు ఆరేడు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య అరడజను సెంటీమీటర్ల తేడా మామూలే. దాని ముందు 1.4 సెంటీమీటర్లు అయిదో వంతు మాత్రమే. తేడాను విచలనంతో భాగిస్తే వచ్చే ఈ 0.2ను ప్రభావ పరిమాణం అంటారు. జాకబ్ కోహెన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త వేసిన గీటు ప్రకారం 0.2 చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది.

0.2 అంటే ఎంతో ఇంకోలా చూద్దాం. ఉప్మా ఊరి నుంచి ఒకరిని, రెండో రకం ఊరి నుంచి అదే వయసున్న ఒకరిని కళ్లు మూసుకుని ఎంచి పక్కపక్కన నిలబెట్టండి. ఇలా వంద జతలు నిలబెడితే, సుమారు 56 జతల్లో ఉప్మా ఊరి పిల్లలు పొడుగ్గా ఉంటారు. 44 జతల్లో అవతలివాళ్లే పొడుగు. ఏ తేడా లేకపోతే 50–50 ఉండాల్సింది. కాబట్టి ఒక్క పిల్లవాడిని చూసి వీడు ఉప్మా తిన్నాడో లేదో చెప్పడం అసాధ్యం. గుంపు గురించి నిజమైన మాట ఒక్కో మనిషి గురించి నిజం కానక్కర్లేదు. ‘ఆడవాళ్లకు ఆందోళన ఎక్కువ’, ‘పల్లె విద్యార్థులకు ఆత్మవిశ్వాసం తక్కువ’ లాంటి ఫలితాలు రాసేవాళ్లు ఈ 56–44 లెక్కను ముందు పెట్టుకుంటే సగం అపార్థాలు పుట్టవు.

అలాగని చిన్న తేడాను తీసిపారేయలేం. అదే ప్రయోగంలో ఉప్మా ఊళ్లలో పుట్టిన శిశువుల బరువు సగటున 61 గ్రాములు ఎక్కువ. విచలనం 430 గ్రాముల దాకా ఉంది గనుక ఇదీ చిన్న ప్రభావమే. కానీ పుట్టిన బిడ్డ 2,500 గ్రాముల కన్నా తక్కువ ఉంటే తక్కువ బరువు శిశువు అంటారు, ముప్పు ఎక్కువ. బరువులు గంట ఆకారపు వక్రరేఖలో పరుచుకున్నాయనీ, సగటు దాదాపు 2,600 గ్రాములనీ అనుకుని లెక్క వేస్తే, గీతకు దిగువన నూటికి సుమారు 41 మంది ఉంటారు. సగటును ఆ 61 గ్రాములు జరపండి, ఆ సంఖ్య దాదాపు 35కి పడిపోతుంది. కాగితం మీది అంచనాయే గానీ, సగటులో కనిపించని మార్పు అంచుల్లో ఎంత పెద్దదవుతుందో ఇది చూపిస్తుంది. ప్రభావం ‘చిన్నది’ అని కోహెన్ పట్టిక చూసి కొట్టేయడం, ‘సిగ్నిఫికెంట్’ అని చూసి పొంగిపోవడం రెండూ ఒకే రకం తొందరపాటు.

చీటీలు తీస్తే ఏమవుతుంది?

ఇక అసలు అనుమానం. ఈ తేడా యాదృచ్ఛికంగా కూడా వచ్చి ఉండొచ్చు కదా? ఏ 29 ఊళ్లనైనా రెండు గుంపులుగా విడదీస్తే ఏదో ఒక గుంపు కాస్త పొడుగ్గానే తేలుతుంది.

దీన్ని పరీక్షించే పద్ధతి ఊహించడం తేలిక. ఉప్మాకు ఏ ప్రభావమూ లేదనే అనుకుందాం. దీనికి శూన్య పరికల్పన అని పేరు. అప్పుడు ‘ఉప్మా ఊరు’ అనేది వట్టి లేబుల్. 29 ఊళ్ల పేర్లు చీటీల మీద రాసి, డబ్బాలో కలిపి, 15 తీసి వాటికి ఆ లేబుల్ అంటించి, రెండు గుంపుల సగటు ఎత్తుల తేడా చూడాలి. మళ్లీ కలిపి మళ్లీ తీయాలి. 29లో 15 ఊళ్లను 7,75,58,760 రకాలుగా ఎంచుకోవచ్చు. కంప్యూటర్‌కు ఇది పెద్ద పని కాదు. ఆ ఎంపికల్లో ఎన్నింటిలో 14 మిల్లీమీటర్లంత, లేదా అంతకు మించిన తేడా వచ్చిందో లెక్కపెడితే, ఆ నిష్పత్తే పి-విలువ. పరిశోధకులు వాడిన గణిత మార్గం వేరే గానీ, దాని అర్థం ఇదే. ఎత్తు విషయంలో వాళ్లకు వచ్చిన పి-విలువ 0.007. ఉప్మాకు ప్రభావమే లేని లోకంలో ఇంత తేడా వెయ్యికి ఏడుసార్లు మాత్రమే తగులుతుంది.

ఇక్కడే సగం మంది జారిపడతారు. ‘ఉప్మా పనిచేసిందనడానికి 99.3 శాతం అవకాశం ఉంది’ అని రాసేస్తారు. పి-విలువ ఆ మాట చెప్పదు. ప్రభావం లేదనుకుంటే ఈ డేటా ఎంత వింతో చెబుతుంది. ఈ డేటా చూశాక ప్రభావం ఉండే అవకాశమెంతో చెప్పదు.

రెండింటి మధ్య దూరం ఎంతో ఒక లెక్క చూడండి. పరిశోధకులు వెయ్యి ఊహలను పరీక్షించారనుకోండి. వాటిలో నిజమైనవి 100. మంచి అధ్యయనాలు గనుక ఆ వందలో 80 దొరికాయి. తప్పుడు ఊహలు 900. 0.05 గీటు పెట్టుకుంటే వాటిలో 45 కాకతాళీయంగా ‘సిగ్నిఫికెంట్’ అవుతాయి. మొత్తం 125 గెలిస్తే అందులో 45 ఉత్తవి, అంటే నూటికి 36. అందరూ నిజాయితీగా, సూత్రం తప్పకుండా చేసినా ఇదీ పరిస్థితి. 2015లో కొన్ని వందల మంది పరిశోధకులు కలిసి మనస్తత్వశాస్త్రంలో అప్పటికే అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి నూటికి 97 సిగ్నిఫికెంట్. రెండోసారి నిలబడినవి 36 శాతమే.

0.05 అనే గీటు ప్రకృతి నియమం కూడా కాదు. గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1925లో రాసిన పుస్తకంలో వాడుకకు వీలని సూచించిన హద్దు. అది కాలక్రమంలో శాసనమైపోయింది.

ఒక్క పి-విలువకు బదులు విశ్వాస అంతరం ఎక్కువ కబురు చెబుతుంది. ఎన్ఐఎన్ అధ్యయనంలో ఆ అంతరం 4 నుంచి 23 మిల్లీమీటర్లు. ఇదే పద్ధతిలో వంద అధ్యయనాలు చేసి వంద అంతరాలు గీస్తే, వాటిలో 95 దాకా అసలు విలువను తమ లోపల పట్టుకుంటాయి. మన చేతిలో ఉన్నది ఒక్కటే. అయినా అది రెండు మాటలు స్పష్టంగా చెబుతోంది. ప్రభావం సున్నా అనడం కష్టం. అది గోరంతో, రెండు సెంటీమీటర్లకు పైనో ఇంకా తేలలేదు.

1,165 మందా, 29 ఊళ్లా?

చీటీల మీద పిల్లల పేర్లు కాకుండా ఊళ్ల పేర్లు ఎందుకు రాశాం? ఉప్మా ఇంటింటికీ వంతులేసి ఇచ్చింది కాదు. ఊరు ఊరంతటికీ అందింది, లేదా ఊరంతటికీ అందలేదు. పైగా ఒకే ఊరి పిల్లలు ఒకే నీళ్లు తాగుతారు, ఒకే బడికి వెళ్తారు, చాలామంది చుట్టాలు కూడా. వాళ్లు ఒకరికొకరు ఎంతో కొంత పోలి ఉంటారు. కాబట్టి అదే ఊరి నుంచి నలభయ్యో పిల్లవాడిని కొలిచినప్పుడు దొరికే కొత్త సమాచారం, కొత్త ఊరి నుంచి మొదటి పిల్లవాడిని కొలిచినప్పుడు దొరికేదానికన్నా తక్కువ.

ఎంత తక్కువ? ఊరికి సగటున 40 మంది పిల్లలు. ఒకే ఊరి పిల్లల మధ్య పోలిక 0.02 అంత స్వల్పమనుకున్నా, లెక్క ప్రకారం 1,165 మంది సుమారు 650 మంది స్వతంత్ర వ్యక్తుల పాటి చేస్తారు. పోలిక ఎక్కువైతే ఇంకా తగ్గుతారు. నాలుగు కాలేజీల నుంచి 400 మందిని తీసుకుని, రెండు కాలేజీల్లో ధ్యానం నేర్పి, మిగతా రెండింటితో పోల్చే డిసర్టేషన్లు ఇక్కడే కూలిపోతాయి. అక్కడ శాంపిల్ 400 కాదు, దాదాపు నాలుగు.

మరి 29 ఊళ్లకు నిజంగా చీటీలు తీశారా? తీయలేదు. ప్రభుత్వ అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలై, విడతలవారీగా విస్తరించింది. 1987 నాటికి ఒక ప్రాంతానికి అది చేరింది, పక్క ప్రాంతానికి ఇంకా చేరలేదు. ఆ వరస ఇచ్చిన అవకాశాన్ని ఎన్ఐఎన్ వాడుకుంది. పెట్టే తిండిని ఆపి ప్రయోగం చేయడం అన్యాయం కాబట్టి ఇది తెలివైన దారి. కానీ పథకం ముందు చేరిన ఊళ్లకు ఇంకేవైనా కూడా ముందే చేరి ఉండొచ్చు. రోడ్డో, డాక్టరో, చురుకైన సర్పంచో. ఆ మూడో కారణం ఎత్తును పెంచి ఉంటే, పి-విలువ 0.007 కాదు, 0.0000007 వచ్చినా దాన్ని పట్టుకోలేదు. కొలిచిన కారణాలను లెక్కలో సర్దవచ్చు. కొలవనివి మిగిలే ఉంటాయి. చీటీలు నిజంగా తీసి ఉంటే ఆ కొలవనివి కూడా రెండు వైపులా ఇంచుమించు సమానంగా పంచుకుపోయేవి. యాదృచ్ఛిక కేటాయింపుకు అంత విలువ ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. అది తెలిసిన కారణాలనే కాదు, తెలియని కారణాలను కూడా సర్దుతుంది.

ఇదే అధ్యయనంలో మెచ్చుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది. ఉప్మా ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్ నిరోధకత సూచిక 20 శాతం తక్కువగా ఉంది, ధమనుల బిరుసు కాస్త తక్కువగా ఉంది. రక్తపోటులో, రక్తంలోని కొవ్వుల్లో గట్టి తేడా ఏమీ కనిపించలేదని కూడా అదే వ్యాసంలో, అంతే స్పష్టంగా రాశారు. ఏ తేడా లేని చోట కూడా 0.05 గీటుతో 20 పరీక్షలు చేస్తే, కనీసం ఒక్కటైనా ‘గెలిచే’ అవకాశం 64 శాతం. ఓడిన పందొమ్మిదిని దాచి గెలిచిన ఒక్కదాన్ని అచ్చువేస్తే అది శాస్త్రం అవదు.

ఒకే మనిషిలో కొలిచిన అనేక కొలతలను విడివిడిగా కాక కలిపి చూసే గణితానికి మన తెలుగువాడి చేయి గట్టిగానే తోడైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం ఆయన పని. ఈ ఎముకలు ఒకే జాతి జనానివా, వేర్వేరువా అన్నది ప్రశ్న. ఫిషర్ దగ్గరే 1948లో పీహెచ్‌డీ పొందారు. గుంపుల మధ్య తేడాను గుంపుల లోపలి చెదురుతో తూచడమే ఆ పని సారాంశం కూడా.

కాకినాడ వ్యాపారులు

ఎత్తును టేపుతో కొలవచ్చు. సాధించాలనే తపనను దేనితో కొలవాలి? ప్రవర్తనా శాస్త్రాల అసలు కష్టం ఇదే. దీనికి తెలుగునేల మీద జరిగిన ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలండ్ 1960ల మధ్యలో, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ తోడ్పాటుతో, కాకినాడ వ్యాపారులకు సాధనా ప్రేరణ మీద శిక్షణ ఇప్పించారు. మనుషుల బొమ్మలు చూపించి కథలు రాయించి, ఆ కథల్లో సాధన గురించిన ఊహలు ఎన్ని ఉన్నాయో మార్కులు వేయడం ఆయన కొలబద్ద. శిక్షణ తీసుకోని వ్యాపారులతో, పక్కనున్న రాజమండ్రి వ్యాపారులతో పోల్చారు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో పుస్తకం వేశారు.

ఇందులో విద్యార్థి నేర్చుకోవాల్సిన మంచి ఒకటుంది. శిక్షణ తర్వాతి రెండేళ్లనే కాకుండా, దానికి ముందు రెండేళ్లలో ఎవరెంత చురుగ్గా ఉన్నారో కూడా చూశారు. ముందు రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. తర్వాత శిక్షణ పొందినవాళ్లలో దాదాపు సగం మంది, పొందనివాళ్లలో పావు వంతు మంది చురుకైన వ్యాపార అడుగులు వేశారు. మొదలు కొలవకపోతే తుది తేడాకు అర్థమే ఉండదు.

అడగాల్సిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. దుకాణం వదిలి శిక్షణకు వెళ్లేవాడు, వెళ్లనివాడికి నిజంగా సమానుడా? కొత్త ఆలోచన ఉన్నవాడే ముందు పేరు ఇచ్చి ఉంటాడేమో. విదేశీ ప్రొఫెసర్ మన గురించి రాసుకుంటున్నాడని తెలిస్తేనే మనిషి నడత మారుతుందేమో. కథలకు మార్కులు వేసే ఇద్దరు ఒకే కథకు ఒకే మార్కు వేస్తారా అనేది విశ్వసనీయత. వేసిన ఆ మార్కు నిజంగా తపననే కొలుస్తోందా, మాటకారితనాన్ని కొలుస్తోందా అనేది చెల్లుబాటు. రెండోది లేని మొదటిది వృథా.

గూగుల్ ఫారం నింపేది ఎవరు?

ఇప్పుడు ఉస్మానియా క్యాంపస్‌కు వద్దాం. విద్యార్థుల నిద్ర మీద సర్వే అనుకోండి. పొద్దున్నే ఎన్‌సీసీ గేటు దగ్గర నడకకు వచ్చేవాళ్లను అడిగితే ‘పదింటికల్లా పడుకుంటాం’ అనేవాళ్లు ఎక్కువ తగులుతారు. రాత్రి లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లను అడిగితే నిద్రే ఒక విలాసం. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పెడితే, దాన్ని తెరిచే ఓపిక ఉన్నవాళ్లే నింపుతారు. మూడు చోట్లా ప్రశ్న ఒకటే, సగటు మాత్రం మూడు రకాలు. 50 మందికి బదులు 500 మందిని అడిగితే ఈ దోషం పోదు. తప్పు జవాబు ఇంకా కచ్చితంగా వస్తుంది, అంతే. విశ్వాస అంతరం ఇరుకవుతుంది, కానీ ఇరుకయ్యేది తప్పు చోట.

అందుకని డిసర్టేషన్ మొదలుపెట్టేవాళ్లు ఎస్‌పీఎస్‌ఎస్ తెరవకముందే ఒక తెల్లకాగితం మీద కొన్ని వాక్యాలు రాసి తేదీ వేసుకుంటే మంచిది. ఎవరి గురించి మాట్లాడాలనుకుంటున్నాను, వాళ్లలో ఎవరు నా చేతికి దొరుకుతారు, ఎవరు దొరకరు. నా యూనిట్ మనిషా, తరగతా, కాలేజీయా. ఎవరిని ఎవరితో పోలుస్తున్నాను, ఆ రెండు గుంపులూ ఏ దారిన విడిపోయాయి. ఎంత తేడా వస్తే నిజ జీవితంలో లెక్కలోకి వస్తుంది. ఏయే పరీక్షలు చేస్తాను, తేడా రాకపోతే దాన్ని కూడా ఎక్కడ రాస్తాను.

సాఫ్ట్‌వేర్ ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు ఇవ్వదు. ఏ అంకెలు పోసినా అది మర్యాదగా ఒక పి-విలువ ఇచ్చి పంపుతుంది. ఆ విలువ దేని గురించో తెలియాలంటే, డేటా చేతికి రాకముందే రాసుకున్న ఆ కాగితమే దిక్కు. వైవాలో పరీక్షకులు అడగాల్సింది కూడా ‘పి ఎంత?’ అని కాదు. ‘ఎవరిని ఎవరితో పోల్చావు? ఎందుకు?’ అని.